గుట్టెక్కిన ఫోన్లు

ఆ శనివారం పొద్దున నల్గొండలో బండి స్టార్టు చేసేటప్పుడు నాగేందర్ సార్ మనసులో ఉన్న పని ఒక్కటే. టీచర్ల కోసం పెట్టిన ఉచిత ఆన్‌లైన్ కోర్సు సాయంత్రం నాలుగు గంటలకు మూతపడుతుంది. ఆలోగా తన బడిలో ఉన్న టీచర్లందరి ఫోన్లలో మూడు గంటల ఆఖరి వీడియో చివరిదాకా నడవాలి. నడిస్తే ఇంటికొచ్చి నిశ్చింతగా కాళ్లు చాపుకోవచ్చు.

కోర్సు ఉచితమే. ఉచితంగా వచ్చేవాటికి ఉండే గుణం దానికీ ఉంది, వద్దన్నా వస్తుంది. పిల్లలకు ఆటలతో చదువు చెప్పడం ఎలా అనేది ముగిసేసరికి చదువుతో ఆటలు ఆడించడం ఎలా అనేది మొదలయ్యేది. పూర్తి చేసినవారికి రంగుల సర్టిఫికెట్ వస్తుంది. చేయనివారికి మెమో వస్తుంది. ఎందుకు చేయలేదో సంజాయిషీ చెప్పమని పై అధికారి పంపే కాగితమే మెమో.

నాగేందర్ సార్ భయమంతా ఆ కాగితం గురించే. వచ్చే నెలలో రిటైర్ కాబోతున్నాడు. తోటివాళ్లలో ఆలస్యంగా వచ్చినందుకు మెమో తిన్నవాళ్లున్నారు, మధ్యాహ్న భోజనంలో గుడ్లు తగ్గినందుకు తిన్నవాళ్లున్నారు, ఎన్నికల డ్యూటీలో కునుకు తీసి తిన్నవాళ్లూ ఉన్నారు. ఆయనకు మాత్రం సర్వీసు మొత్తంలో ఒక్కటీ రాలేదు. ఆ సంగతి ఆయన అదేపనిగా చెప్పుకోడు గానీ, చెప్పుకునే సందు దొరికితే మాత్రం వదలడు. వీడ్కోలు సభ ఫ్లెక్సీకి నల్గొండలో ఆర్డరు కూడా ఇచ్చేశాడు. నిలువెత్తు ఫోటో, దాని పక్కన ఎర్రటి అక్షరాలతో "ఒక్క మెమో ఎరుగని మా హెడ్‌మాస్టరు". ఆ మాట తోటి టీచర్లు రాయించినట్టుగా ఉండాలని ఫ్లెక్సీ అతనికి మరీమరీ చెప్పాడు.

ఆయన పనిచేసే రాచగుట్టపల్లె తిరుమలగిరికి దగ్గరే. కానీ బడి గుట్ట చాటున ఉండడంతో సిగ్నల్ అక్కడికి రాదు. గుట్ట మీద మాత్రం పుష్కలంగా ఉంటుంది. మొదట్లో టీచర్లు వంతుల వారీగా గుట్టెక్కి కోర్సు వినేవారు. ఎక్కిన టీచరు దిగేసరికి క్లాసు సంతలా తయారయ్యేది. మంజులత మేడం మోకాళ్లు పట్టేశాయి. అప్పుడు నాగేందర్ సార్ చూపు గుర్వయ్య మీద పడింది. గుర్వయ్య రోజూ పొద్దున్నే గొర్రెలను తోలుకొని గుట్టెక్కుతాడు, పొద్దు వాలితే దిగుతాడు. ఎలాగూ పోయే మనిషే, ఫోన్లు కూడా తీసుకుపోతే తప్పేముంది? ఆనాటి నుంచి బడి ఫోన్లన్నీ జోలెలో పడి గొర్రెల వెంట గుట్టెక్కడం మొదలుపెట్టాయి.

టీచర్లలో చిన్నదైన శ్రీవాణి అతనికి ఆ విద్య నేర్పింది. ఆ రోజు కూడా జోలె అందిస్తూ మరోసారి చెప్పింది.

"గుర్వయ్య తాతా, గీ మూడు మూలల గుర్తు ఒత్తితె వీడియో నడుస్తది. నడుమల ఫోన్ వస్తె మాత్రం మళ్ల మొదటికే వస్తది. మళ్ల ఒత్తాలె. ఇయ్యాల ఆఖరి రోజు, జర పైలం."

"నాకెర్కనే గదా బిడ్డా. గా వీడియోల మేడం మంచిగ చెప్తది. ఆమె మాట్లాడుతుంటె గొర్లు గూడ కదల్తలెవ్వు," అన్నాడు గుర్వయ్య.

నాగేందర్ సార్ జాగ్రత్త గల మనిషి. జాగ్రత్త కొద్దీ ఇంకో మాట కలిపాడు. "ఎవలన్న ఫోన్ జేస్తె ఎత్తి, అందరు క్లాసులల్ల ఉన్నరని చెప్పు. వేరే ముచ్చట పెట్టకు."

"మోగుతుంటె ఎత్తకుండ ఉంటనా సారూ. ఎవలకు ఏం ఆపతి వచ్చిందో ఏమో."

నాగేందర్ సార్ ఎత్తమని చెప్పకుండా ఉంటే ఈ కథ లేదు. తర్వాత గుట్ట మీద జరిగిందంతా నాగేందర్ సార్‌కు సోమవారం గానీ పూర్తిగా తెలియలేదు. మనం ఇప్పుడే తెలుసుకున్నా ఆయనకు పోయేదేమీ లేదు.

పదకొండు దాటాక మండల విద్యాధికారి రఘుపతి, కోర్సు ఎంతవరకు వచ్చిందో అడుగుదామని నాగేందర్ సార్‌కు ఫోన్ చేశాడు.

"సారు క్లాసుల ఉన్నడు," అంది ఒక ముదురు గొంతు. వెనుక నుంచి ఎవరో ఆడమనిషి పాఠం చెబుతోంది. ఆమె వెనుక నుంచి "మే" అని ఇంకేదో.

"గా చప్పుడేంది?"

"గొర్లు సారూ."

"బడిల గొర్లేంది?"

గుర్వయ్యకు వేరే ముచ్చట పెట్టకూడదని గుర్తుంది. కానీ అబద్ధం చెప్పే అలవాటు లేదు. "బడిల లెవ్వు సారూ. గుట్ట మీద ఉన్నయి."

రఘుపతి ఫోన్ పెట్టేసి శ్రీవాణికి చేశాడు. "మేడం క్లాసుల ఉన్నది," అంది అదే గొంతు. మంజులతకు చేశాడు. మళ్లీ అదే గొంతు, అవే గొర్రెలు. మిగిలిన టీచర్లకు కూడా చేసి చూశాడు. గొంతు మారలేదు.

టీచరు ఫోన్‌ను విడిచి అడుగు దూరం పోడని రఘుపతి అనుభవం. ఫోన్లన్నీ గుట్ట మీద ఉన్నాయంటే టీచర్లందరూ గుట్ట మీదే ఉన్నారు. పక్కన గొర్రెలున్నాయి. శనివారం. ఈ ప్రాంతంలో పుట్టి పెరిగిన ఎవరికైనా దాని అర్థం ఒక్కటే. యాటను కోసుకొని దావత్ చేసుకుంటున్నారు. బడి ఎగ్గొట్టినందుకు ఆయనకు కోపం వచ్చిన మాట నిజమే. కానీ తనను పిలవనందుకు అంతకంటే ఎక్కువ నొచ్చుకున్నాడు. వెంటనే బండి తీశాడు.

ఇదే సమయంలో మంజులత మేడం భర్త శ్రీశైలం తిరుమలగిరి నుంచి ఫోన్ చేశాడు. ఆయన అక్కడ బ్యాంకులో గుమాస్తా. బీరువా తాళంచెవి ఎక్కడ పెట్టిందో అడుగుదామని చేస్తే మగగొంతు పలికింది.

"మేడం క్లాసుల ఉన్నది. నేను గుట్ట మీద ఉన్న."

"మేడం ఫోన్ నీ దగ్గరెందుకున్నది?"

"నాకే ఇచ్చిండ్రు సారూ. అందరియి నా తాననే ఉన్నయి."

శ్రీశైలానికి గొర్రెల అరుపు కూడా వినిపించింది. భార్య శనివారం ఒక్కపొద్దు ఉంటుంది. ఇంట్లో ఉల్లిగడ్డ కూడా ముట్టదు, ఆయనను ముట్టనివ్వదు. అలాంటి మనిషి బడి పేరు చెప్పి గుట్ట మీద దావత్‌కు పోయిందా? మూడేళ్లుగా శనివారాలు తాను తిన్న చప్పిడి కూడంతా ఒక్కసారిగా గుర్తొచ్చింది. సగం రోజు సెలవు పెట్టి బయలుదేరాడు.

రఘుపతి ఊరి మొదట్లో ఉన్న చాయ్ హోటల్ దగ్గర ఆగి దారి అడిగాడు. "సార్లందరు గుట్ట మీద దావత్ చేస్తున్నరట గదా, తొవ్వ ఎటు?"

అక్కడే చాయ్ తాగుతున్న ఐలేశం గ్లాసు కింద పెట్టాడు. ఆయన బడి కమిటీ చైర్మన్. "చైర్మన్‌ను నేనుండంగ నాకు చెప్పకుంట దావతా?" అని కండువా దులుపుకొని లేచాడు. ఆయన లేస్తే పక్కవాళ్లు ఊరుకుంటారా? వాళ్లూ లేచారు. సరిగ్గా అప్పుడే శ్రీశైలం వచ్చి కలిశాడు. ఎవరి బాధ వారిది, అందరి దారీ ఒక్కటే.

గుట్ట ఎక్కడం రఘుపతికి అలవాటు లేదు. దారి చీలిన ప్రతిచోటా ఆగి నాగేందర్ సార్ నంబరుకే చేశాడు. తిట్టే తిట్లు హెడ్‌మాస్టరుకే అందాలని ఆయన పట్టుదల.

"పెద్దబండ కాడికొచ్చిన. ఇప్పుడెటు?"

"ఎడమ దిక్కు రా సారూ. ముండ్లుంటయి, సూసుకుంట నడువు."

ఆ కాల్ పెట్టేయగానే గుర్వయ్య మూడు మూలల గుర్తు ఒత్తేవాడు. వీడియోలో మేడం మళ్లీ మొదటి నుంచి నమస్కారం పెట్టేది. ఆమె నమస్కారం ముగిసేలోపే మళ్లీ ఫోన్.

"రెండు తొవ్వలున్నయి గదయ్యా."

"గొర్ల పెంటికలున్న తొవ్వ పట్టు సారూ."

మధ్యాహ్నం భోజనాలయ్యాక కింద బడిలో నాగేందర్ సార్ భిన్నాలు చెబుతున్నాడు. తన కండువాను సగానికి మడిచి, మళ్లీ సగానికి మడిచి పిల్లలకు చూపిస్తూ కిటికీ వైపు చూశాడు. గుట్ట మీదికి చీమల బారులా జనం ఎక్కుతున్నారు. ముందున్న మనిషి టోపీ ఎక్కడో చూసినట్టుంది. ఆ టోపీ రఘుపతిది. గుర్వయ్యకు ఫోన్ చేద్దామని చేయి జేబులోకి పోయింది. జేబు ఖాళీ. ఫోన్ గుర్వయ్య దగ్గరే ఉందని అప్పుడు గుర్తొచ్చింది. ఇన్నేళ్లు ఆగి ఆగి, ఆఖరి నెలలోనా అని ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది.

పైకి చేరిన జనానికి పొయ్యి కనిపించలేదు, పొగ కనిపించలేదు. గొంగడి పరిచి ఉంది. దాని మీద వరసగా ఫోన్లు. ఒక్కొక్క ఫోన్‌లో ఒక్కొక్క చోట అదే మేడం, పిల్లల మనసెరిగి పాఠం చెప్పాలని ముందూ వెనకగా చెబుతోంది. చుట్టూ గొర్రెలు నెమరు వేస్తున్నాయి.

"సార్లేరి?" అన్నాడు ఐలేశం.

"బడిల. ఇందాకటి సంది గదే జెప్తున్న గదా," అన్నాడు గుర్వయ్య.

రఘుపతి వెంటనే గుట్ట దిగాడు. ప్యాంటు నిండా పల్లేరుకాయలు. సరాసరి బడిలోకి వచ్చి వరండాలో నిలబడ్డాడు. ఒక గదిలో శ్రీవాణి పిల్లల మధ్య కింద కూర్చొని కథ చెప్పిస్తోంది. ఇంకో గదిలో మంజులత మేడం, ఒక్కపొద్దు నీరసంలో కూడా, బోర్డు దగ్గర ఒక పిల్లవాడి చేత తప్పు దిద్దిస్తోంది. గుమ్మంలో భర్తను చూసి, ఆయన రోజూ వెతికేది అదే కాబట్టి, "తాళంచెవి పోపుడబ్బాల ఉన్నది," అని మళ్లీ బోర్డు వైపు తిరిగింది. దావత్ వెతుక్కుంటూ గుట్టెక్కి దిగాక శ్రీశైలానికి తాళంచెవితో పని లేకపోయింది.

నాగేందర్ సార్ కండువా చేతిలో పట్టుకొని బయటికొచ్చాడు.

"ఫోన్లు ఏవి సార్?" అన్నాడు రఘుపతి.

అబద్ధం గొంతు దాకా వచ్చింది గానీ పైకి రాలేదు. "గుట్ట మీద సార్. ఈడ సిగ్నల్ లేదు. అందుకే గుర్వయ్యతోని పంపుతున్నం. తప్పే సార్."

రఘుపతి ప్యాంటుకు అంటిన పల్లేరుకాయలు ఒక్కొక్కటే పీకుతూ గదుల వైపు చూశాడు. "నేను ఏ బడికి పోయినా టీచర్లు ఫోన్‌ల ఫోటోలు ఎక్కిచ్చుకుంటనే కనబడ్తరు. ఎక్కియ్యమని జెప్పేది గూడ మేమే. పాఠం నడుస్తుండంగ చూసి ఎన్నొద్దులైందో," అన్నాడు. తర్వాత నాగేందర్ సార్ భుజం తట్టాడు. "మెమో రాద్దామనే వచ్చిన. రాయను. మీరు రందివడకుండ రిటైర్ కాండ్రి."

నాగేందర్ సార్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంతలో ఐలేశం అడ్డం పడ్డాడు. "గింతమంది గుట్టెక్కి దిగినంక ఉత్తగ పోతె ఊరి ఇజ్జత్ ఏం గావాలె?" బడి విడిచేసరికి గుర్వయ్య మందలో ఒక యాట తగ్గింది. లేని దావత్ సాయంత్రానికి నిజమైంది. మంజులత మేడం రెండు అరటిపండ్లు తింది. పక్కన కూర్చున్న శ్రీశైలం కూడా, అడక్కుండానే, రెండు అరటిపండ్లే తిన్నాడు. జోలె తిరిగి ఇస్తూ గుర్వయ్య "సారూ, మీ ఫోన్ మస్తు మోగింది," అన్నాడు. సంతోషంలో ఉన్న నాగేందర్ సార్ అదేమిటని అడగలేదు.

సోమవారం ఇంకో ఉచిత కోర్సు మొదలైంది. ఫోన్లు మళ్లీ గుట్టెక్కాయి. మధ్యాహ్నం గుర్వయ్య గొర్రెలను కూతురికి అప్పగించి కిందికి దిగొచ్చాడు.

"సారూ, మీ ఫోన్‌ల ఏందో కాయిదం వడ్డది."

ఫోన్ అందుకొని చూస్తే అది మెమో. బడిలో అందరూ కోర్సు పూర్తి చేయగా, ఆదర్శంగా ఉండవలసిన హెడ్‌మాస్టరు ఒక్కరే పూర్తి చేయలేదనీ, కారణం తెలుపవలసిందనీ ఉంది. కింద రఘుపతి సంతకం. నాగేందర్ సార్ చదివింది మళ్లీ చదివి, గుర్వయ్య వెంట గుట్టెక్కాడు. శనివారం మోగిన ఫోన్ల సంగతి దారిలో గుర్వయ్య చెప్పగా విని, పైకెళ్లగానే రఘుపతికి ఫోన్ చేశాడు.

"సార్, నా వీడియో నడవకుండ మాటిమాటికి ఫోన్ జేసింది మీరే గదా."

"నేనే. కాదంటలేను. కని పూర్తిగానోళ్లకు మెమో పైనుంచే తయారై వస్తది, నేను సంతకం వెడ్తనంతే. నేను తొవ్వ అడగవట్టే మీ వీడియో ఆగిందని కంప్యూటర్‌ల రాదు గద సార్."

నాగేందర్ సార్ కాసేపు గొంగడి మీద కూలబడ్డాడు. బాధగానే ఉంది, దాచుకోవడానికి కూడా ఓపిక లేదు. చివరికి ఫ్లెక్సీ అతనికి ఫోన్ చేశాడు. ఫ్లెక్సీ అచ్చయిపోయిందట.

"ఆ లైన్ మీద కాయిదం అతికియ్యమంటరా సార్?" అన్నాడతను.

"మొత్తం వద్దు. ఒక్క మెమో అన్నకాడిదాక సరిగ్గనే ఉన్నది," అన్నాడు నాగేందర్ సార్.

సంజాయిషీ కూడా ఆన్‌లైన్‌లోనే పంపాలట. మరునాడు పొద్దున్నే ఆయన గొర్రెల వెంట బయలుదేరాడు.