అడుగుల పట్టికలో మొదటి స్థానం

యీలాన్‌కు ఈ లోకంలో అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. అత్తగారు తన మూడేళ్ళ కొడుకు కాంగ్‌కాంగ్‌ను చంకనేసుకుని ఊరికి తీసుకుపోయి అక్కడే పెంచేస్తుందేమోనని. గ్యాసు లీకు, మెట్ల మీద జారిపడటం, గొంతులో చేప ముల్లు, ఇవన్నీ కూడా భయాలే గానీ దాని తర్వాతే. "నీకు చేతకాకపోతే చెప్పమ్మాయ్, ఊళ్ళో నేను పెంచుతాను" అని ఆవిడ అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా అంటుంది. యీలాన్ కూడా అలా నాయనమ్మ దగ్గర పెరిగిన పిల్లే. ఏడాదికోసారి వచ్చే తల్లిని చూసి తలుపు వెనక దాక్కునేది.

అటువంటి యీలాన్ ఆ పొద్దున షీఆన్ నగరంలో, ఓ చవక హాస్టల్లో, పై మంచం మీద కూర్చుని బ్యాగు సర్దుకుంటోందంటే ఆ పుణ్యం స్నేహితురాళ్ళు బావ్‌లింగ్‌ది, వెన్‌ఛీది. ముగ్గురూ బడి మధ్యలో మానేసి, ఒకే బొమ్మల ఫ్యాక్టరీలో చేరి, పక్కపక్క మంచాల మీద పడుకున్నవాళ్ళు. ఎప్పటికైనా ముగ్గురం బ్యాగులు తగిలించుకుని పెద్ద పెద్ద నగరాలు చూడాలన్నది అప్పటి మాట. ఇన్నాళ్ళకు కుదిరింది. షీఆన్, ఛెంగ్దూ, చోంగ్‌చింగ్.

అత్తగారికి మాత్రం వేరే కథ చెప్పింది. హెంగ్‌యాంగ్‌లో ఉన్న తన తల్లికి నడుం పట్టేసిందని, సేవ చెయ్యడానికి వెళ్తున్నానని. అత్తగారు ఊరినుంచి ఛాంగ్‌షాలో యీలాన్ ఇంటికి వచ్చి పిల్లాడి దగ్గర ఉంది. భర్త ఎప్పటిలాగే దక్షిణాన చెప్పుల ఫ్యాక్టరీలో ఉన్నాడు. తల్లికి ఫోన్ చేసి అంతా వివరించింది. అవతల మాజాంగ్ ఆట పలకలు గలగలలాడుతుండగా తల్లి, "సరేలేవే, నడుమేగా!" అని పెట్టేసింది.

ఆనాటి పథకం చాలా సులువైనది. కోటగోడ ఎక్కి చుట్టూ తిరగడం, మాంసం రొట్టె తినడం, రైలెక్కడం. మొదటిది అయింది. గోడ దిగి, కాళ్ళు చాపుకుని రొట్టె కొరుకుతుండగా యీలాన్ ఫోన్ మోగింది. చుట్టాలంతా వాడే ఆ యాప్‌లో ఎవరెంత నడిచారో రోజూ ఒక పట్టిక వస్తుంది. వ్యాయామానికని రోజూ కూడలిలో డాన్సు చేసే అత్తగారిదే అందులో ఎప్పుడూ మొదటి స్థానం. ఈరోజు ఆవిడ రెండో స్థానంలో ఉంది. మొదటి స్థానంలో యీలాన్ మొహం నవ్వుతోంది.

వెంటనే ఆవిడ గొంతుతో సందేశం వచ్చింది. "అమ్మాయ్! నన్నే దాటేశావే! మీ అమ్మ ఉండేది ఒకటిన్నర గది కదా, ఎక్కడ తిరిగావే అంత?"

యీలాన్ రొట్టె పక్కన పెట్టి, ఆ సందేశాన్ని మిగతా ఇద్దరికీ మళ్ళీ వినిపించింది.

"మంచం చుట్టూ గుండ్రంగా తిరిగానని చెప్పు" అంది బావ్‌లింగ్.

"నోర్ముయ్యవే! అవతల నా కొంప మునుగుతోంది."

ఆలోచించి ఆలోచించి, ఆసుపత్రిలో లిఫ్టు పాడైందని, మందుల కోసం మెట్లెక్కి దిగుతున్నానని పంపింది. అత్తగారు ఆ ఆసుపత్రి వాళ్ళను నాలుగు తిట్టి ఊరుకుంది. ఊరుకుందంటే ఏదో అనుమానించే ఉంటుందని యీలాన్ లెక్క.

అందుకే మర్నాడు ఛెంగ్దూలో ఒక తెలివైన పని చేసింది. ఫోన్‌ను హాస్టల్లో దిండు కింద పెట్టి బయల్దేరింది. ఫోన్ కదలకపోతే అడుగులుండవు. అడుగులు లేకపోతే గొడవ లేదు. ఫోన్ లేకపోతే మాత్రం ఏదీ లేదని వీధి చివర మెట్రో గేటు దగ్గరే తెలిసింది. టికెట్టుకు ఫోన్ చూపించాలి. టీ దుకాణంలో బల్ల మీది క్యూఆర్ గుర్తుకు ఫోన్ చూపిస్తే గానీ టీ రాదు. చివరికి పార్కులో మరుగుదొడ్డికి వెళితే, గోడకున్న యంత్రం కూడా ఫోన్ చూపిస్తేనే తుడుచుకునే కాగితం ఇస్తానని కూర్చుంది.

"ఒసేయ్ వెన్‌ఛీ! దీనికి నీ ఫోన్ చూపించి నాలుగు ముక్కలు లాగవే!" అని లోపల్నుంచి కేక పెట్టింది.

"మెట్రోకి నేనే, టీకి నేనే, నూడుల్స్‌కి నేనే. ఇప్పుడు దీనికీ నేనేనా? నిన్ను కూడా బ్యాగులో కుక్కుకుని మోస్తే సరిపోయేది!" అంటూ వెన్‌ఛీ కాగితం తలుపు కింద నుంచి తోసింది.

"కాంగ్‌కాంగ్ అన్నం తిన్నాడో లేదో..."

"ఇప్పుడా అడగడం! ముందు బయటికి రా తల్లీ!"

హాస్టల్‌కు తిరిగి వచ్చేసరికి దిండు కింద ఫోన్ వేడెక్కి ఉంది. అన్నీ అత్తగారి సందేశాలే. 'నీ అడుగులు సున్నా. ఏమైంది?' ఆ తర్వాత, 'నువ్వు కూడా మంచం పట్టావా?' ఆ తర్వాత, 'మీ అమ్మతో మాట్లాడాను.' ఆఖరిది చదివి యీలాన్ వెంటనే తల్లికి ఫోన్ చేసింది.

"అమ్మా, ఆవిడకేం చెప్పావు?"

"నడుం ఎలా ఉంది వదినగారూ అంది. ఎవరి నడుం అన్నాను."

"అమ్మా!"

"వెంటనే సర్దేశాలేవే. నొప్పికి మతి పోతోందన్నాను. నువ్వెక్కడంటే దొడ్లో ఉందన్నాను. కాసేపాగి మళ్ళీ చేసింది. ఇంకా దొడ్లోనే ఉందన్నాను. మళ్ళీ చేసింది..."

"మళ్ళీ దొడ్లోనేనా!"

"మరి ఎక్కడున్నావని చెప్పను? నీకు కడుపు చెడిందన్నాను. పాపం, చాలా బాధపడింది."

ఆ బాధ ఎక్కడిదాకా వెళ్ళిందో మర్నాడు, చోంగ్‌చింగ్‌లో దిగి, బల్ల మీదే ఉడికించుకు తినే హాట్‌పాట్ కోసం వీధులు వెతుక్కుంటుండగా తెలిసింది. అత్తగారి గొంతు, వెనక కాంగ్‌కాంగ్ ఏడుపు. "పిల్లాణ్ణి తీసుకుని మీ అమ్మగారింటికి బయల్దేరాను. ముసలి కోడిని కూడా తెస్తున్నాను, సూపు పెడతాను. మీరిద్దరూ మంచాలు దిగకండి!"

యీలాన్ మెట్ల మీద కూలబడింది. "అయిపోయింది. నన్ను పట్టుకోడానికే వస్తోంది. అక్కణ్ణుంచి అటే పిల్లాణ్ణి ఊరికి తీసుకుపోతుంది. రేపు వాడు నన్ను చూసి తలుపు వెనక దాక్కుంటాడు."

ఈసారి బావ్‌లింగ్ కూడా వేళాకోళమాడలేదు. "లే! రైలు దొరుకుతుంది" అని రెక్క పట్టుకుని లేపింది.

రైలు దొరికేదే, స్టేషన్ దొరికితే. ఫోన్‌లో పటం వచ్చేశారు వచ్చేశారు అంటోంది. ఎదురుగా పిట్టగోడ. గోడ అవతలికి తొంగిచూస్తే స్టేషన్ బొమ్మరిల్లంత కనిపిస్తోంది, అడుగున.

"రోడ్డు మీదే ఉన్నాంగా!" అంది వెన్‌ఛీ.

"మనం రోడ్డు మీదే ఉన్నామే. రోడ్డే మేడ మీదుంది!" అంది బావ్‌లింగ్.

మెట్లు, లిఫ్టు, మళ్ళీ మెట్లు. పరుగెడుతూనే యీలాన్ తల్లికి ఫోన్ చేసింది. "అమ్మా, ఆవిడ వస్తోంది! ఇంటికెళ్ళి మంచమెక్కు!"

"ఈ ఒక్క ఆట అయ్యాక. గెలుస్తున్నానే."

"అమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటాను!"

"సరే, సరే, వెళ్తున్నాను. ఏం పిల్లవే!"

కూర్చునే చోటు లేని టికెట్టే మిగిలింది. దారి పొడుగునా యీలాన్ రైలు తలుపు పక్కన కొయ్యలా నిలబడింది. పక్కవాళ్ళు జరగమన్నా జరగలేదు, ఒక్క అడుగు వేసినా పట్టికకెక్కుతుందని.

హెంగ్‌యాంగ్‌లో తల్లి ఇంటి తలుపు తోసేసరికి లోపల కోడి సూపు వాసన గుప్పుమంది. ఆలస్యమైపోయింది. తల్లి మంచం మీద ఒరిగి మూలుగుతోంది.

"ఇంకా బాగా మూలుగు" అని యీలాన్ గొణిగింది.

"నీ మొహం!" తల్లి పళ్ళు కొరికింది. "నీ మాట విని మాజాంగ్ వదిలేసి పరిగెత్తానా, గుమ్మంలో జారిపడ్డాను. నడుం నిజంగానే పట్టేసింది. మూడు వారాలు లేవకూడదన్నాడు డాక్టరు."

వంటింట్లోంచి అత్తగారు వచ్చింది. జుట్టు రేగిపోయి, చొక్కాకు జావ మరకలతో. యీలాన్ వీపున దుమ్ము కొట్టుకుపోయిన బ్యాగు అలాగే ఉంది. ఇక దాచి లాభం లేదు.

"అత్తయ్యా, నేను నిజం చెప్పేస్తాను..."

"నిజం తర్వాత చెబుదువుగాని. ముందు వీణ్ణి పట్టుకో!" అని ఆవిడ కాంగ్‌కాంగ్‌ను ఆమె చేతుల్లోకి దాదాపు విసిరింది. వాడు తల్లి మెడను కరుచుకుపోయాడు.

"మీరు... వాణ్ణి ఊరికి..."

"ఏ ఊరికి? వీడితోనా? అల్మారా ఎక్కాడు. నా కళ్ళజోడు బియ్యండబ్బాలో దాచాడు. అమ్మ ఏదీ, అమ్మ ఏదీ అని అడిగి అడిగి చెవులు చిల్లులు పొడిచాడు. అంత పరిగెత్తినా పట్టికలో నీ తర్వాతే ఉన్నాను! ఊళ్ళో పెంచుతానన్నది ఏదో మాటవరసకన్నాను లేవమ్మా. నీ కొడుకును నువ్వు తీసుకో. నేనిక్కడే ఉండి వదినగారిని చూసుకుంటాను. ఈవిడైతే పడుకున్నచోటే ఉంటుంది."

మంచం మీంచి వచ్చిన మూలుగు ఈసారి నడుం నొప్పిది కాదు.

ఇప్పుడు యీలాన్ ఛాంగ్‌షాలో కొడుకుతో హాయిగా ఉంది. హెంగ్‌యాంగ్‌లో మాత్రం పూటకో గిన్నె కోడి సూపు, మాజాంగ్ బంద్, తలగడ దగ్గర వియ్యపురాలు. మీలో ఎవరైనా అటువైపు వెళితే యీలాన్ తల్లి ఎలా ఉందో ఒకసారి చూసి రండి, కూతురు చేస్తే ఆవిడ ఫోన్ ఎత్తడం లేదు.