మనశ్శాంతి కేంద్రంలో మొదటి కేసు

ఉదయం తొమ్మిదింటికి మంత్రిగారు బస్సు డిపో వెనకున్న రేకుల షెడ్డుకు రిబ్బను కత్తిరించి, అది ఇకనుంచి మనశ్శాంతి కేంద్రమని ప్రకటించారు. కాగితాల్లేకుండా సరిహద్దులు దాటుతూ దారిలో చిక్కుకున్నవాళ్లు అందులో ఉంటున్నారు. నిన్నటిదాకా వాళ్లు చొరబాటుదార్లు. ఇవాళ్టి నుంచి లబ్ధిదారులు. షెడ్డు మాత్రం అదే, రంగు వేశారు.

“అన్నం ఎవరైనా పెడతారు. మనశ్శాంతి మా ప్రభుత్వమే పెడుతుంది,” అన్నారు మంత్రిగారు.

కొత్తగా చేరిన కౌన్సెలరమ్మ వెనక నిలబడి వింది. ఆవిడకు కుర్చీ ఇచ్చారు. ఎదుట కూర్చునేవాళ్లకు ఇంకా రాలేదు.

ఎప్పుడు పరిగెత్తాల్సొస్తుందోనని షెడ్డులో అందరూ బూట్లతోనే పడుకుంటారు. మంత్రిగారి వెంట పోలీసులు కనబడగానే లేచి గోడ దూకేశారు.

“చూశారా, ఎంత హుషారో!” అన్నారు మంత్రిగారు.

ఒకావిడ మాత్రం కదల్లేదు. నీలం శాలువా, ఒళ్లో నిద్రపోతున్న కూతురు. కౌన్సెలరమ్మ వెళ్లి పక్కనే నేలమీద కూర్చుంది.

“నువ్వు పారిపోలేదేమ్మా?”

“దాటేటప్పుడు మా ఆయనా మేమూ విడిపోయాం అక్కా. డిపో వెనక షెడ్డులో ఉండు, కదలకు, వచ్చేస్తానన్నాడు. ఫోను నీళ్లపాలైంది. నేను నిద్రపోతే చూసుకోకుండా వెళ్లిపోతాడేమో. వారంగా కంటిమీద కునుకు లేదు.”

“నేను గుమ్మం దగ్గర కూర్చుంటా. కాసేపు పడుకో. నిన్నెవరూ ఇక్కణ్ణించి కదపరు. నాదీ పూచీ.”

ఆవిడ బూట్లు విప్పింది.

అంతలో మంత్రిగారు పిలిచారు. కెమెరాలు తిరిగాయి.

“ఏమిటమ్మా ఆవిడ రోగం?”

“ఎదురుచూపు సార్. భర్త వస్తే నిద్ర అదే వస్తుంది.”

మంత్రిగారు పీఏ వైపు తిరిగారు.

“రోగం ఎదురుచూపట. ఎదురుచూసే చోటు నుంచి తీసేస్తే?”

“రోగం పోతుంది సార్!”

“అది కాదు సార్...” అంది కౌన్సెలరమ్మ.

“భలే పట్టావు తల్లీ! ఇన్నాళ్లూ ఈ డాక్టర్లు ఏం పీకుతున్నారో. బస్సుందా?”

“తూర్పు సరిహద్దుకు ఒకటి ఖాళీగా పోతోంది సార్.”

“ఎక్కించండి. గౌరవంగా.”

ఇద్దరు కానిస్టేబుళ్లు గౌరవంగానే ఎక్కించారు. పిల్ల లేచి ఏడ్చింది. “అక్కా, పూచీ అన్నావుగా!” అని ఆవిడ కిటికీలోంచి అరిచింది. కౌన్సెలరమ్మ గేటుదాకా పరిగెత్తింది. బస్సు ఆగలేదు.

తొలి గంటలోనే నూటికి నూరు శాతం నయం చేశామని మంత్రిగారు చెప్పి వెళ్లారు. మిగతా పని చూసుకోమని పీఏని ఉంచారు.

మధ్యాహ్నం కుంటుకుంటూ ఒక మనిషి వచ్చాడు.

“నీలం శాలువా కప్పుకున్నావిడ, చిన్నపిల్లతో ఉండాలండీ ఇక్కడ.”

“తూర్పు బస్సులో పంపేశారు బాబూ,” అంది కౌన్సెలరమ్మ. మూల నుంచి ఆవిడ వదిలేసిన బూట్లు తెచ్చి చేతిలో పెట్టింది.

అతను బూట్లు అటూ ఇటూ తిప్పి చూశాడు. “తిరిగొస్తుంది. నేను ఇక్కడే ఉండమన్నానని తెలుసు. ఎంతసేపైనా ఎదురుచూస్తాను.”

పీఏ అప్పటికే ఫోనులో ఉన్నాడు. “సార్, రెండో కేసు. అదే రోగం.”

“తూర్పు బస్సు ఎక్కించండి, దణ్ణం పెడతాను!” అంది కౌన్సెలరమ్మ.

“అది వెళ్లిపోయిందిగా మేడమ్. పడమటిది ఖాళీగా ఉంది.”

పడమటి సరిహద్దు బస్సు ఒంటిగంటకు బయల్దేరింది. అందులో ఒక్కడే ప్రయాణికుడు. ఒళ్లో ఒక జత ఆడవాళ్ల బూట్లు.