బాంతిగే హాజరు

ఫెలిసా బాంతిగే ఆ శనివారం పొద్దున వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఆరింటికల్లా కాలేజీకి వెళ్ళడం, కూతురి మెడికల్ సర్టిఫికెట్ మీద మేజర్ లస్కానో చేత సంతకం పెట్టించుకోవడం, ఐసు కరిగేలోగా బజారుకు వచ్చి రెండు బుట్టల కానాగంత చేపలు అమ్ముకోవడం.

కూతురు జెర్లిన్‌కు డెంగ్యూ. నాలుగు రోజులుగా మంచం దిగలేదు. ఆ కాలేజీలో చేరిన ప్రతి పిల్లా పిల్లవాడూ శనివారాలు సైనిక శిక్షణకు రావాలి. మూడుసార్లు రాకపోతే ఫెయిలు. ఫెయిలయితే స్కాలర్‌షిప్ పోతుంది, స్కాలర్‌షిప్ పోతే చదువే పోతుంది. జెర్లిన్ ఇప్పటికే రెండుసార్లు వెళ్ళలేదు. ఒకసారి అమ్మమ్మను పూడ్చిపెట్టిన రోజు, ఇంకోసారి తుఫాను నీళ్ళు వీధిలో నడుం దాకా వచ్చిన రోజు. ఆ రెండూ తగిన కారణాలు కావని మేజర్ తేల్చేశాడు.

"క్యాడెట్ స్వయంగా వచ్చి ఇస్తేనే సర్టిఫికెట్ చెల్లుతుందటమ్మా," అంది జెర్లిన్ నీరసంగా.

"నడవలేనని చెప్పడానికి నడిచి రావాలా? ఏ గాడిద రాసిందే ఈ రూలు?"

అసలే ఫెలిసాకు ముక్కు మీద కోపం. కాలేజీ గేటు చేరేసరికి అది నషాళానికి అంటింది. గేటు దగ్గర కాపలా ఉన్న తియోదీ ఆమె దగ్గరే చేపలు కొంటాడు. అయినా లాఠీ అడ్డం పెట్టాడు.

"లోపలికి వెళ్ళడానికి లేదు ఫెలిసక్కా. చేతుల్లేని చొక్కా, కాళ్ళకు స్లిప్పర్లు. రెండూ నిషేధం. బోర్డు చూడు."

"నేనేమన్నా పెళ్ళికొచ్చానా? సంతకం కోసం వచ్చాను!"

"రూలు నేను పెట్టలేదక్కా. పోయినవారం ఒక తండ్రిని ఇలాగే లోపలికి పంపించాననే కదా నన్ను అరగంట ఎండలో నిలబెట్టారు." తియోదీ అటూ ఇటూ చూశాడు. అతను రిజర్వు సైనికుడు కూడా. కాపలా గది లోపల మేకుకు అతని పాత మిలిటరీ కోటు, టోపీ, కింద బూట్లు ఉన్నాయి. "ఇవి తొడుక్కుని వెళ్ళిరా. వీటికి ఏ నిషేధమూ లేదు."

పేరు పట్టీ ఎప్పుడో ఊడిపోయిన ఆ కోటు తొడుక్కుని, రెండు సైజులు పెద్దవైన బూట్లు టకటకలాడించుకుంటూ ఫెలిసా మైదానంలోకి అడుగుపెట్టింది.

ఆ రోజు ఏటా జరిగే తనిఖీ అని ఆమెకు తెలియదు. తనిఖీకి వచ్చేది ఎవరో మైదానంలో ఎవరికీ తెలియదు. మూడు వందల పన్నెండు మంది క్యాడెట్లలో జెర్లిన్ తప్ప అందరూ ఖాళీ కడుపులతో ఐదింటి నుంచి బారులు తీరి నిలబడి ఉన్నారు.

"ఇక్కడ పెద్ద ఎవడు? రమ్మనండి!" అని అరిచింది ఫెలిసా.

మిలిటరీ కోటు వేసుకుని మేజర్‌ను పట్టుకుని 'ఎవడు' అనగలిగేది పై అధికారి ఒక్కరే. ముందు నిలబడ్డ క్యాడెట్ నాయకుడు ఠక్కున సెల్యూట్ కొట్టాడు. వెనక మూడు వందల పైచిలుకు చేతులు లేచాయి. మేజర్ లస్కానో బెల్టు సర్దుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"సుప్రభాతం మేడమ్! మీ కోసమే ఎదురుచూస్తున్నాం!"

"నా కోసమా? అయితే సంతకం..."

"సంతకాలన్నీ చివర్లో మేడమ్. ముందు కార్యక్రమం."

ఆమె మెడలో పూలదండ పడింది. నోరు తెరిచేలోగా ప్రార్థన మొదలైంది. ప్రార్థన మధ్యలో మాట్లాడితే పాపం కనుక ఊరుకుంది. తర్వాత జాతీయగీతం, గుండె మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. తర్వాత రాష్ట్ర గీతం, ఆ తర్వాత కాలేజీ గీతం. అదయ్యాక మేజర్ ఆమెకు చట్రం కట్టిన ప్రశంసాపత్రం ఒకటి అందించాడు. అందులో పేరు చోటు ఖాళీగా ఉంది. వచ్చినవాళ్ళ పేరు వచ్చాక రాసుకోవడం అక్కడి పద్ధతి. అక్కడ బజారులో ఐసు కరుగుతోంది.

వేదిక పక్కన బల్ల మీద వలగుడ్డ కింద పాన్సిట్ సేమ్యా, కాల్చిన పందిమాంసం అతిథి కోసం సిద్ధంగా ఉన్నాయి. ఫెలిసా వాటిని చూస్తూ ఉండగానే మూడో వరసలో ఒక సన్నటి పిల్ల దబ్బున పడిపోయింది. వెంటనే ఇంకో కుర్రవాడు. ఎవరూ కదల్లేదు. కదిలితే మార్కులు పోతాయి.

ఆ పిల్లకు జెర్లిన్ వయసే ఉంటుంది. ఫెలిసా ఒంటికాలి మీద లేచింది.

"చూస్తూ నిలబడ్డారేమయ్యా? మీకు పిల్లల్లేరా? తిండి పెట్టకుండా ఎండలో నిలబెట్టి దేశాన్ని కాపాడమంటారా? ముందు వీళ్ళను కాపాడండి! ఈ తిండి వీళ్ళకు పెట్టి, అందర్నీ ఇళ్ళకు పంపించెయ్యండి! ఇప్పుడే!"

మేజర్ ఒక్క క్షణం తెల్లబోయాడు. మరుక్షణం అతని ముఖం వెలిగింది. తనిఖీ అధికారులు ఇలాగే హఠాత్తుగా ఆజ్ఞలిచ్చి పరీక్షిస్తారని అతను విన్నాడు. "అత్యవసర విన్యాసం! మైదానం ఖాళీ చెయ్యండి!" అని గొంతు చించుకున్నాడు. పడిపోయిన ఇద్దరినీ స్నేహితులు భుజాలకెత్తుకున్నారు. ఎవరో పాన్సిట్ పళ్ళెం కూడా ఎత్తుకున్నారు. రెండు నిమిషాల్లో మైదానం ఖాళీ. ఏడాదంతా నేర్పినా రాని వేగం ఆ రోజు వచ్చింది.

"ఎలా ఉంది మేడమ్?" అన్నాడు మేజర్ రొప్పుతూ.

"బాగానే ఉంది. ఇక దీని మీద సంతకం పెట్టు."

మేజర్ కాగితం చదివాడు. మళ్ళీ చదివాడు. "జెర్లిన్ బాంతిగే... డెంగ్యూ... ఇదేంటి?"

"నా కూతురు."

"మరి మీరు?"

"చేపలమ్ముతాను. ఏం, కనబడ్డంలేదా?"

సరిగ్గా అప్పుడే గేటులోంచి జీపు వచ్చింది. అసలు తనిఖీ అధికారి కర్నల్ మగ్బానువా దిగాడు. మందపాటి కళ్ళద్దాలు, చంకలో హాజరు పట్టీ.

"వెళ్ళిపో! దణ్ణం పెడతాను, వెనక గేటు నుంచి వెళ్ళిపో!" అన్నాడు మేజర్ పళ్ళ బిగువున, ఆమె దగ్గరున్న దండా, ప్రశంసాపత్రమూ లాగేసుకుంటూ.

"సంతకం పెట్టందే ఇక్కణ్ణుంచి అడుగు కదిలితే ఒట్టు," అని ఫెలిసా మైదానం నడిమధ్యకు వెళ్ళి, చేతులు రెండూ కిందికి బిగించి నిలబడింది. కోపంతో వెన్ను కర్రలా నిటారుగా ఉంది.

కర్నల్ మైదానమంతా కలియజూశాడు. "మిగతావాళ్ళేరి?"

"అత్యవసర... ఖాళీ విన్యాసం సర్," అన్నాడు మేజర్ కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటూ.

"నేను రాకముందేనా? ఎవరిచ్చారు ఆజ్ఞ?"

మేజర్ నోరు తెరిచాడు. చేపలమ్మే ఆమెకు మూడు వందల మంది చేత సెల్యూట్ కొట్టించి, దండ వేసి, ఆమె మాట మీద దళాన్ని ఇంటికి పంపానని చెప్పాలి. నోరు మూసుకున్నాడు.

కర్నల్ ఫెలిసా దగ్గరికి నడిచాడు. "అందరూ వెళ్ళిపోయారు. నువ్వెందుకు వెళ్ళలేదు?"

"వచ్చిన పని కాకుండా నేను వెళ్ళను సర్."

కర్నల్ కళ్ళు చెమ్మగిల్లాయి. "ముప్పయ్యేళ్ళ సర్వీసులో ఇలాంటి జవాబు వినలేదు. పేరు?"

"బాంతిగే."

ఆయన పట్టీలో వేలు పెట్టి వెతికాడు. బాంతిగే, జె. దొరికింది. టిక్కు పెట్టాడు. ఆమె ముఖం వైపు ఇంకోసారి చూసి, "చదువు కాస్త ఆలస్యంగా మొదలుపెట్టినట్టున్నావు. ఫరవాలేదు," అన్నాడు. మిగతా మూడు వందల పదకొండు పేర్ల ఎదుట ఎర్రసిరాతో గైర్హాజరు రాసి జీపెక్కాడు.

"ఇప్పుడు పెట్టు సంతకం," అంది ఫెలిసా.

"ఎలా పెట్టను?" మేజర్ గొంతు ఏడుపులా ఉంది. "జ్వరంతో ఇంట్లో ఉందని నేను సంతకం పెడితే కర్నల్ గారి టిక్కు అబద్ధమవుతుంది. మీ అమ్మాయి హాజరైందమ్మా! వచ్చింది ఆమె ఒక్కతే!"

"నా కూతురు రక్తకణాలు పడిపోయి మంచం మీద ఉంది. ఇంట్లో ఉన్నది హాజరు, ఎండలో పడిపోయింది గైర్హాజరు. ఇదేనా మీరు పిల్లలకు నేర్పే క్రమశిక్షణ? థూ!" అని ఫెలిసా కోటు విప్పి అతని చేతుల్లో పడేసి వెళ్ళిపోయింది. ఆమె బజారు చేరేసరికి చేపలు మెత్తబడ్డాయి. ఆ కోపం కొన్నవాళ్ళ మీదా, కొననివాళ్ళ మీదా కూడా చూపించింది.

ఆ ఎర్రసిరాతో మూడో గైర్హాజరు పడి కాలేజీలో సగంమంది ఫెయిలవ్వాలి. అందులో ఇద్దరు మేయరు మేనల్లుళ్ళు. అమ్మమ్మ చావుకూ, నడుంలోతు వరదకూ మారని రూలు సోమవారం పొద్దుటికల్లా మారిపోయింది. మూడు గైర్హాజరులు ఆరయ్యాయి. ఫెలిసా ఆ నోటీసు చదివి అరగంట తిట్టింది.

ఏడాది చివర్లో ఉత్తమ క్యాడెట్ పతకం జెర్లిన్‌కు ఇమ్మని కర్నల్ స్వయంగా ఉత్తరం రాశాడు. పతకం తల్లే గుచ్చాలి కనుక ఫెలిసా వేదిక ఎక్కక తప్పలేదు. మేజర్ లస్కానో ఆమె వైపు చూడకుండా పతకం అందించాడు. ఆమె అతని వైపే గుడ్లురుముతూ అందుకుంది.

"దళమంతా వదిలి వెళ్ళినా తన స్థానం వదలని ధీర!" అని మైకులో ప్రకటించారు.

ఆ రోజు ఫోటోలో ముగ్గురున్నారు. నవ్వుతున్నది జెర్లిన్ ఒక్కతే, ఆ శనివారం మైదానంలో లేనిదీ ఆమె ఒక్కతే.