వెర్లిన్ తుపాకీ పార్శిల్

శనివారం పొద్దున వెర్లిన్ స్టకీ వేసుకున్న పథకం చాలా చిన్నది. తుపాకీని పార్శిల్ చేసి, ఇంటికొచ్చి పాన్‌కేకులు తినడం. ఏళ్ల తరబడి లాటరీలో పేరు వేయగా వేయగా ఇన్నాళ్లకి అతనికి మూస్ అనే భారీ జాతి దుప్పిని వేటాడే అనుమతి దక్కింది. అది దక్కిన వారానికే తుపాకీ మొరాయించింది. ఇవాళ పంపితేనే వేట మొదలయ్యేలోగా బాగుచేసి ఇస్తామని ఫ్యాక్టరీ వాళ్లు ఖరాఖండిగా చెప్పారు. తప్పితే ఇక ఈ జన్మకి మూస్ లేనట్టే.

ఊళ్లో తుపాకుల దుకాణం ఒకటుంది. లైసెన్సున్న ఆ దుకాణదారు చేతికిస్తే క్షణాల్లో పని. కానీ ఆ మహానుభావుడు వెర్లిన్ బావమరిది హార్లన్. నాలుగేళ్ల కిందట ఇద్దరూ ఒక మామూలు దుప్పిని ఒకేసారి కాల్చారు. ఎవరి తూటాకి పడిందో తేలక మాటలు ఆగిపోయాయి. వాడి గడప తొక్కడం కంటే మూస్‌ని రాళ్లతో కొట్టడం నయమని వెర్లిన్ అభిప్రాయం. అందుకే భార్య లవాన్‌కి కూడా చెప్పకుండా బయల్దేరాడు. చెబితే ఆవిడ తమ్ముడి దగ్గరికే తరుముతుంది.

రూల్సు మాత్రం శ్రద్ధగా చదివాడు. తూటాలు తీసెయ్యాలి. లోపల ఏముందో పెట్టె మీద ఎక్కడా తెలియకూడదు. ఈ రెండోది అతని బుర్రలో మరీ లోతుగా దిగబడింది. పెట్టె చెప్పకూడనిది మనిషి మాత్రం ఎలా చెబుతాడు?

కొరియర్ ఆఫీసులో అమ్మాయి లోపలేముందని అడిగితే, కౌంటరు మీదికి వంగి ఆమె చెవిలో చెప్పాడు.

"అయ్యో! మీ దగ్గర మేం తీసుకోం సార్," అందామె, వరసలో ఉన్నవాళ్లందరికీ వినబడేలా. "లైసెన్సున్న దుకాణం నుంచే రావాలి. హార్లన్ గారి దగ్గరికెళ్లండి."

"ఆ పేరెత్తకు తల్లీ!" అంటూ పెట్టె భుజాన వేసుకుని పోస్టాఫీసుకి నడిచాడు.

అక్కడ కౌంటర్లో కూర్చునే విల్డా తీసుకుంటాననే అంది. "వేట తుపాకీని ఫ్యాక్టరీకైతే పంపొచ్చు. కానీ ఈ టేపేంటి వెర్లిన్?"

పెట్టె సాదాదే. చుట్టిన టేపు నిండా తూటాల బొమ్మలు. వెర్లిన్ ఇంట్లో వేరే రకం టేపు ఎప్పుడూ లేదు.

కాగితం కొనుక్కొచ్చి ట్రక్కు వెనకాల చుడుతుంటే పక్కింటి మావిస్ వచ్చి నిలబడింది.

"ఏంటి వెర్లిన్, తుపాకీ పంపించేస్తున్నావా?"

"తుపాకీ అని నేనన్నానా?"

"మరేంటది?"

"చెప్పకూడదు."

"లవాన్‌కి తెలుసా?"

"తెలియకూడదు. నువ్వూ నోరు మూసుకో."

మావిస్ కళ్లు చెమర్చాయి. ఆ ఊళ్లో మగాడు తుపాకీని ఇంట్లోంచి సాగనంపాడంటే ఒక్కటే అర్థం, రోజులు దగ్గరపడ్డాయని. ఆవిడ అతని చెయ్యి నొక్కి, పరుగులాంటి నడకతో చర్చి వైపు పోయింది. వెర్లిన్ చుట్టడం పూర్తిచేసి వెళ్లేసరికి పోస్టాఫీసు మూసేశారు. శనివారం ఒంటిపూటే కదా!

తిట్టుకుంటూ ఇల్లు చేరితే భోజనాల బల్ల మీద చీజు వేసి కాల్చిన బంగాళాదుంపల పళ్లేలు వరసగా ఉన్నాయి. ఆ ఊళ్లో అవి చావింటికే వస్తాయి. చుట్టూ చర్చి ఆడవాళ్లు తలలు వంచుకుని నిలబడ్డారు.

"లవాన్, ఎవరు పోయారే?"

"ఇంకా పోలేదు. నువ్వు పోబోతున్నావట! నాకు తప్ప ఊరందరికీ చెప్పుకున్నావు!" అని ఏడుస్తూనే చేతిలో గరిటె బల్లకేసి కొట్టింది లవాన్.

వెర్లిన్ నోరు తెరిచేలోపే హార్లన్ తలుపు తోసుకొచ్చి అతన్ని కావలించుకున్నాడు. "బావా, ఆ దుప్పి నీదే. నీ తూటాకే పడింది. నాకు ఆ రోజే తెలుసు!"

నాలుగేళ్లుగా వినాలనుకున్న మాట! వెర్లిన్ నీరసంగా దగ్గాడు. ఇంకోసారి దగ్గాడు.

"నీ తుపాకీ నా గోడకి తగిలించుకుంటాను బావా, నీ గుర్తుగా," అన్నాడు హార్లన్ ముక్కు చీదుతూ.

వెర్లిన్ దగ్గు ఆపేశాడు. పోస్టాఫీసు మూతపడ్డాక ఇక మిగిలిన దారి హార్లన్ దుకాణమే, అక్కణ్ణుంచి కొరియర్ బండి కాసేపట్లో బయల్దేరుతుంది.

"నాకేం కాలేదురా! రోగం తుపాకీకి! ఫ్యాక్టరీకి పంపాలి, ఇప్పుడే!"

హార్లన్ కన్నీళ్లు చటుక్కున ఆగాయి. "అయితే ఆ దుప్పి నాది."

"ఇప్పుడేగా నాదన్నావు!"

"చచ్చేవాడితో అన్నాను. బండి వెళ్లిపోతుంది బావా, నీ ఇష్టం."

వెర్లిన్ పళ్లు నూరాడు. మూస్‌ని తలుచుకున్నాడు. "నీదే. నీ తూటాకే పడింది. ఇక చావు!"

తూటాలేమైనా మిగిలాయేమో చూడాలని హార్లన్ పెట్టె విప్పి, తుపాకీ వెనక భాగం తెరిచి వాసన చూశాడు. "ఇందులో ఏం పోశావు బావా?"

"నూనె. తుపాకీ నూనె అయిపోతే లవాన్ మొక్కజొన్న నూనె పోశా."

హార్లన్ జేబులోంచి గుడ్డ తీసి ఆ జిగటంతా తుడిచేసి ట్రిగ్గర్ నొక్కాడు. టక్కుమంది. "దీన్ని ఎక్కడికీ పంపనక్కర్లేదు."

"అయితే నా దుప్పిని నాకిచ్చెయ్యి!"

"ఇంతమంది విన్నారు బావా," అన్నాడు హార్లన్, పళ్లెం ముందుకు లాక్కుంటూ.

మూస్ వేటకి ఇద్దరూ కలిసే వెళ్లారు. తుపాకీ మాత్రం ఒక్కటే తీసుకెళ్లనిచ్చింది లవాన్.