సర్వీసులో ఉన్న ఇల్లు

పిడుగురాళ్లలో సున్నపు బట్టీలు మూతబడిన మూడో వేసవిలో చెన్నకేశవులు ఇంటికి ప్రభుత్వోద్యోగం వచ్చింది. చెన్నకేశవులుకు రాలేదు. ఇద్దరినీ ఒకే రోజున ఇంటర్వ్యూ చేశారు.

బట్టీలో పదిహేడేళ్లు మేస్త్రీగా చేసిన మనిషి అతను. పని పోయాక సిమెంటూ ఇనుమూ కొనే స్తోమత లేక, చేతికి అందినవాటితోనే ఇల్లు కట్టుకున్నాడు. స్థలంలోని మట్టితోనే ఇటుకలు కోసి, కాల్చకుండా ఎండబెట్టాడు. గోడలు రెండు పొరలుగా లేపి నడుమ గాలికి జానెడు సందు వదిలాడు. గానుగసున్నంలో కరక్కాయ నీళ్లు, బెల్లం కలిపి పూత పూశాడు. కప్పు మీద కుండలు వరసగా బోర్లించి పైన మట్టి పరిచాడు. బయట నలభై ఆరు డిగ్రీలు మండుతుంటే, లోపల ఫ్యాను లేకుండానే పిల్లలిద్దరూ దుప్పటి కోసం పోట్లాడుకునేవాళ్లు.

ఆ ఏడాది పొదుపు చర్యల కింద ఆఫీసుల్లో ఏసీలు, కూలర్లు, ఫ్యాన్లు తీసేశారు. వాటి బదులు ‘శీతల సహాయకుడు’ అనే పోస్టు ఒకటి మంజూరైంది. చల్లగా ఉండగలగడమే అర్హత. కేశవులు దరఖాస్తు పెట్టాడు. చిరునామా సరిచూడటానికి వచ్చిన సూపరింటెండెంటు వసుంధరాదేవి అతని ఇంట్లో నలభై నిమిషాలు కూర్చుంది. చేతిరుమాలు తీసి చూసుకుంటే పొడిగా ఉంది.

“మీరు చల్లగా ఉండగలరా?” అని అడిగింది.

“అలవాటు చేసుకుంటానమ్మా,” అన్నాడు అప్పుడే ఎండలోంచి వచ్చిన కేశవులు, మెడ మీద చెమట తుడుచుకుంటూ.

“మీ ఇల్లు ఇప్పటికే ఉంటోంది కదండీ,” అని, దరఖాస్తులో అతని పేరు కొట్టేసి డోర్ నంబరు రాసింది. కొట్టివేత దగ్గర అతని చేతే పొడి సంతకం చేయించింది.

మెడికల్ పరీక్ష జరిగింది. డాక్టరు పడమటి గోడకు స్టెతస్కోపు ఆనించి, కాస్త చెమ్మ ఉందని, ఈ వయసుకు అది మామూలేనని రాశాడు. సర్వీసు రిజిస్టరు తెరిచారు. బల్లలు, బీరువాలు, ఫైళ్లు లోపలికి చేరాయి. పదిన్నర నుంచి అయిదింటి వరకు ఇల్లు డ్యూటీలో ఉండేది. ఆధారపడిన కుటుంబ సభ్యులు పనివేళల్లో ఉద్యోగి దగ్గర తిరగకూడదు కాబట్టి, కేశవులు భార్యాపిల్లల్తో రోడ్డవతల టార్పాలిన్ పట్టా కింద కూర్చునేవాడు. ఇంటికి సంతకం పెట్టడం రాదు గనుక దాని జీతం ఖజానాలోనే భద్రంగా ఉండేది.

సాయంత్రానికి ఇల్లు డస్సిపోయేది. వచ్చేపోయేవాళ్ల ఊపిరి అంతా మోసిన గోడలు వెచ్చగా తగిలేవి. కేశవులు భార్య నాగేంద్రమ్మ వాటి మీద నీళ్లు చిలకరించి, చీరకొంగుతో విసిరేది. “పొద్దుగూకులూ ఎంతమందిని భరిచ్చిద్దో, పాపం,” అనేది. పక్కవాళ్లది స్లాబు ఇల్లు. రెండుసార్లు ఇంటర్వ్యూకు పోయి తప్పింది. ఆ ఇంటాయన కేశవుల్ని చూసినప్పుడల్లా, “నీకేందయ్యా, ఇంట్లో ఒకళ్లన్నా స్థిరపడ్డారు,” అనేవాడు. కేశవులుకు గర్వంగానే ఉండేది. ఆ గర్వం కింద ఏదో కలుక్కుమనేది కానీ, దాన్ని చెప్పుకోవడానికి తగిన కాలమ్ ఏ ఫారంలోనూ లేదు.

రెండేళ్లకు ఇంటికి రెంటచింతల బదిలీ అయింది. కేశవులు వసుంధరాదేవి దగ్గరికి పోయాడు.

“మరి మేమేడ ఉండాలమ్మా?”

“ఉద్యోగమన్నాక బదిలీలు తప్పవు కదండీ. కుటుంబాన్ని తీసుకెళ్లే వీలుంది. కాకపోతే అక్కడ ఉండటానికి ఇళ్లు లేవు.”

ఆమె చెప్పిన దాంట్లో తప్పేమీ కనపడలేదు అతనికి. శుక్రవారం మధ్యాహ్నం ఇల్లు రిలీవై వెళ్లిపోయింది. స్థలంలో పునాది గీతలు మాత్రం మిగిలాయి. వాటి మీద పట్టా కట్టుకుని, ఎవరి గదిలో వాళ్లు పడుకున్నారు. నాగేంద్రమ్మ చాలాకాలం వంటింట్లోంచి హాల్లోకి గుమ్మం ఉన్నచోటు నుంచే నడిచేది.

ఆ శ్రావణంలో నామినీ ఫారం వచ్చింది. ఉద్యోగి సర్వీసులో ఉండగా కూలిపోతే, కుటుంబంలో ఒకరికి కారుణ్య నియామకం కింద ఉద్యోగం ఇస్తారని అందులో ఉంది. నాగేంద్రమ్మ రెండుసార్లు చదివి, మొగుడి పేరు రాసి, ఫారం మడిచి అతని చేతిలో పెట్టింది.

పది రోజులకు రెంటచింతల నుంచి కబురొచ్చింది. వానలకు ఉత్తరపు గోడ బీటిచ్చిందట. కట్టినవాడే వచ్చి చూడాలట. కేశవులు తాపీ పట్టుకుని బస్సెక్కాడు. బీట కప్పు దాకా పాకి ఉంది. లోపల గుమాస్తాలు గొడుగులు వేసుకుని రాసుకుంటున్నారు. అతను గోడ మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు నిలబడ్డాడు. కూలడానికి ఇంకొక్క వాన చాలు. పైపైన మెత్తితే ఎవరికీ తెలియదు. తనకు నలభై తొమ్మిదేళ్లు. ఇంకా పదకొండేళ్ల సర్వీసు చెయ్యొచ్చు.

తర్వాత సున్నం కలిపాడు. బీటను నిలువునా తొలిచి, అడుగు నుంచి పూడ్చుకుంటూ వచ్చాడు. చేతులకు వేరే పద్ధతి తెలియదు. రెండు రోజులు పట్టింది.

తిరిగొచ్చేసరికి నాగేంద్రమ్మ పట్టా కింద అన్నం వారుస్తోంది.

“ఎట్టా ఉందయ్యా?”

“గట్టిగానే ఉంది. ఇంకో అరవయ్యేళ్లు ఢోకా లేదు.”

ఆమె గంజి వొంపడం ఆపి అతని మొహంలోకి చూసింది. తర్వాత కంచం పెట్టి, అన్నం వడ్డించి, పక్కన కూర్చుంది.

“పోన్లే, తిను,” అంది. “వచ్చే వానాకాలం చూద్దాం.”