మొగుడికి మూడు ప్రశ్నలు

సింగపూర్‌లో, టాంపినీస్‌లోని ఆ ఫ్లాట్‌లో గురువారం పొద్దున ఇడ్లీలతో పాటు ఉపన్యాసం కూడా వడ్డించారు. వడ్డించినవాడు కృష్ణప్రసాద్. కొత్త ఉద్యోగంలో చేరి నెల కాలేదు, అప్పుడే ఆఫీసువాళ్ళు పెట్టిన సైబర్ మోసాల శిక్షణలో ఒక పూట కూర్చుని, ప్రపంచంలో తాను తప్ప అందరూ అమాయకులేనని తేల్చేశాడు. ఆ అమాయకుల్లో మొదటి పేరు భార్య సత్యవాణిది.

"ఎవడో నా గొంతుతో నీకు ఫోన్ చేస్తాడు. ఇప్పుడు గొంతులు కూడా కాపీ కొడుతున్నారు. నా గొంతు వినగానే కరిగిపోకు."

"కరగడం మానేసి చాలా ఏళ్ళయింది లెండి," అంది సత్యవాణి చట్నీ వేస్తూ.

"మూడు ప్రశ్నలడుగు. మన పెళ్ళిరోజు, నీ పుట్టినరోజు, నీ తలంబ్రాల చీర రంగు. మొగుడికి తప్ప ఎవడికి తెలుస్తాయి? ఒక్కటి తప్పినా పెట్టెయ్. లింకులు నొక్కకు. కాగితాలు ఎవరికీ ఇవ్వకు."

పదమూడేళ్ళ కొడుకు కౌశిక్ తలెత్తి సింగపూర్ యాసలో అన్నాడు. "నాన్నా, ఫస్ట్ నువ్వు ఆన్సర్ చెయ్ లాహ్."

"ప్రశ్నలు పెట్టినవాణ్ణే అడుగుతావురా?" అని కసిరి లేచాడు తండ్రి.

ఆ రోజు అతని పని చిన్నదే. పన్నెండింటిలోగా పాయా లేబర్‌లోని తన ఆఫీసులో పెళ్ళి సర్టిఫికెట్ అసలు కాగితం చూపించాలి. చూపిస్తేనే భార్యకూ కొడుకుకూ ఈ దేశంలో ఉండనిచ్చే డిపెండెంట్ పాస్‌ల దరఖాస్తు కదులుతుంది. ఇవాళ తప్పితే గడువు దాటిపోయి, తల్లీకొడుకులు కౌశిక్ పరీక్షల ముందు కాకినాడకు ప్రయాణం కట్టాల్సిందే. అంతటి కాగితం ఉన్న ఫైలును ఆ మేధావి చెప్పుల స్టాండు మీద పెట్టి, దాని మీద గొడుగు పెట్టి, రెండూ మరిచిపోయి వెళ్ళాడు. అది చాలదన్నట్టు ఫీడర్ బస్సులో ఫోన్ కూడా వదిలేశాడు.

పదింటికి సత్యవాణికి తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"సత్యా, నేనే. నా ఫోన్ పోయింది. ఇది మా ఆఫీసులో నిశాంత్‌ది. పెళ్ళి సర్టిఫికెట్ ఇంట్లో మర్చిపోయా, వెంటనే పట్టుకురా."

గొంతు అచ్చం మొగుడిదే. కానీ ఫోన్ పోవడం, కొత్త నంబరు, తొందర, కాగితాలు. పొద్దున విన్న లక్షణాలన్నీ వరసగా ఉన్నాయి. సత్యవాణి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మన పెళ్ళిరోజు చెప్పండి."

"ఇప్పుడా? మేలో. పదో, పన్నెండో. బాగా ఉక్కపోసిందని గుర్తు."

పెళ్ళి ఆగస్టు ఇరవై రెండున, జోరువానలో జరిగింది.

"నా పుట్టినరోజు?"

"నవంబర్... కాదు, డిసెంబర్ కదూ?"

"తలంబ్రాల చీర రంగు?"

"పట్టుచీర."

"రంగు అడిగాను."

"పట్టుచీర రంగే."

"ఏవయ్యా, మోసం చేసేవాడివి కాస్త చదువుకుని రావద్దా?" అని సత్యవాణి పెట్టేసింది. అనుమానం తీరక మొగుడి నంబరుకు చేసింది. స్విచాఫ్. నిశాంత్ నంబరు మళ్ళీ మోగితే ఎత్తలేదు.

అక్కడ కృష్ణప్రసాద్‌కు చెమటలు పట్టాయి. ఆఫీసు కంప్యూటర్లోంచి ఫేస్‌బుక్‌లో తెలుగువాళ్ళ గ్రూపులోకి వెళ్ళి, తన ఫోన్ పోయిందనీ, పాస్‌ల కోసం పెళ్ళి సర్టిఫికెట్ తెమ్మంటే భార్య నమ్మడం లేదనీ, ఎవరైనా ఆమెకు చెప్పమనీ రాశాడు. కింద ఆమె పేరూ ఫోన్ నంబరూ పెట్టాడు. వేలమంది చూసే చోట. పొద్దున ఇంటిల్లిపాదికీ పాఠం చెప్పిన ఘనుడు ఇతనే.

ఇరవై నిమిషాల్లో ఏడు ఫోన్లు వచ్చాయి. అన్నీ కొత్త నంబర్లే. ఒక లక్ష్మీదేవి ఆంటీ, "మీవారు ఫైలు తెమ్మంటున్నారమ్మా," అని మొదలుపెట్టగానే, "పెద్దదానివి, ఈ వయసులో నీకు ఇదేం పనమ్మా?" అని సత్యవాణి బుద్ధి చెప్పింది. ముఠా పెద్దదేనని అర్థమై తలుపు గడియ కూడా వేసింది.

పదకొండింటికి ఇంకో నంబరు నుంచి వాట్సాప్‌లో సందేశం వచ్చింది. "సత్యా డియర్, నేనే. ఫోన్ పోయింది. సర్టిఫికెట్ తేనక్కర్లేదు. ఈ లింకు నొక్కి కార్డు వివరాలు ఇవ్వు, పాస్‌ల ఫీజు కట్టేస్తా."

ఆమె మూడు ప్రశ్నలూ పంపింది. నిమిషంలో జవాబు వచ్చింది. ఆగస్టు ఇరవై రెండు. మార్చి తొమ్మిది. మామిడిపండు రంగు చీర, ఆకుపచ్చ అంచు. చివర ఎర్రటి హృదయం బొమ్మ.

సత్యవాణి గుండె కుదుటపడింది. హ్యాండ్‌బ్యాగులోంచి కార్డు తీసింది. లింకు మీద వేలు పెట్టబోతూ ఆ జవాబు మరోసారి చదువుకుంది. పదిహేడేళ్ళకు అంచు రంగు కూడా చెప్పాడని కళ్ళు చెమర్చాయి. చెమర్చిన కళ్ళు వెంటనే ఆరిపోయాయి. అంచు రంగా? ఆయనా?

ఫేస్‌బుక్ తెరిచింది. అందరూ చూడాలని మొగుడు ముచ్చటపడి పెట్టిన పెళ్ళి ఫోటోలు తలుపులు బార్లా తీసినట్టు ఉన్నాయి. మొదటి ఫోటోలో చీర, దాని కింద తేదీ. మార్చి తొమ్మిదిన తనకు అరవైమంది చెప్పిన పుట్టినరోజు శుభాకాంక్షలు. ఇన్ని తెలిసినవాడు తన మొగుడు కాలేడు. అయితే పొద్దున ఒక్కటీ చెప్పలేకపోయినవాడే మొగుడు.

గుమ్మం దగ్గరికి పరిగెత్తి గొడుగు ఎత్తి చూస్తే ఫైలు ఉంది.

పదకొండూ యాభై రెండుకు ఆమె పాయా లేబర్ ఆఫీసులో రొప్పుతూ నిలబడింది. హెచ్ఆర్ అమ్మాయి సర్టిఫికెట్ చూసి, దరఖాస్తు పంపించి, నవ్వింది.

"నేనేనని ఎలా కనిపెట్టావు?" అన్నాడు కృష్ణప్రసాద్ గర్వంగా.

"మీకు ఒక్కటీ తెలియలేదు కదా, అందుకు."

సాయంత్రం ఆమె పోస్టు తీయించింది, ఫోటోలకు తాళం వేయించింది, లక్ష్మీదేవి ఆంటీకి మొగుడి చేతే క్షమాపణ చెప్పించింది. మూడు ప్రశ్నలు మాత్రం మార్చలేదు. ఇప్పటికీ కొత్త నంబరు నుంచి ఫోన్ వస్తే అవే అడుగుతుంది, ఒక్కదానికి సరైన జవాబు వచ్చినా పెట్టేస్తుంది.