నేల మీదిదా, అరలోదా?

పంటి డాక్టరు ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి క్లినిక్కు తెరవాలి. తొమ్మిదిన్నరకి మొదటి పేషెంటు వచ్చేలోగా రెండు పెట్టెల్నీ వాయించి చూసి, ఒకటి ఎంచుకోవాలి. రెండోదాన్ని పన్నెండు కల్లా షాపులో తిరిగి ఇచ్చెయ్యాలి. ఇందులో చిక్కుపడడానికి ఏముందని ఎవరైనా అనుకుంటారు. ఆయనా అలాగే అనుకున్నాడు.

రెండు పెట్టెలూ చేసే పని ఒకటే. గిటారు తీగ మీద పుట్టిన సన్నటి చప్పుడును తీసుకుని, బీరువాలంత స్పీకర్లలోంచి వస్తున్నట్టు మార్చి వినిపిస్తాయి. ఏ కాలపు స్పీకరు గొంతు కావాలంటే ఆ గొంతు, మీట నొక్కితే చాలు. తేడా అల్లా అవి కూర్చునే చోటులోనే ఉంది. ఒకటి నేల మీద పరుచుకుని ఉంటుంది, వాయిస్తూనే కాలితో మీటలు నొక్కుకోవచ్చు. రెండోది అలమరా అరలో బిగించుకునే రకం. చేతికి అందే ఎత్తులో బుద్ధిగా ఉంటుంది, దాన్ని ఎవరూ తొక్కరు. నెల రోజులుగా పంటి డాక్టరుకి ఇదే ఆలోచన. భోజనం చేస్తూ ఆలోచించాడు, పళ్ళు పీకుతూ ఆలోచించాడు. వినీ వినీ విసిగిపోయిన భార్య, "నన్ను చేసుకునేముందు మీరు ఇందులో పదో వంతు కూడా ఆలోచించలేదు" అంది.

ఆలోచించక తప్పని పరిస్థితి మరి. శనివారం నాడు ఎదురుగా ఉన్న పెద్దాసుపత్రి వార్షికోత్సవం. అక్కడ ఏటా నలుగురు డాక్టర్లు కలిసి పాటలు వాయిస్తారు. వాళ్ళకి పెద్ద, ఆపరేషన్లకి మత్తు ఇచ్చే డాక్టరు. ఈయనకి కాలేజీ నాటి స్నేహితుడు. పోయిన ఏడాది రెండో పాట మధ్యలో పంటి డాక్టరు పాత స్పీకరులోంచి ముందు ఈల వచ్చింది, తరవాత పొగ వచ్చింది, ఆ తరవాత ఇంకేమీ రాలేదు. "ఈసారి కూడా ఇలాగే అయితే చర్మం డాక్టరు సిద్ధంగా ఉన్నాడు. వాడు గిటారు నేర్చుకుని రెండేళ్ళే అయినా స్పీకరు మంచిది" అని మత్తు డాక్టరు ముందే చెప్పేశాడు. ఇరవై రెండేళ్ళుగా వాయిస్తున్న మనిషికి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఆ బ్యాండులో ఆయనకున్న చోటు ఒక్కటే, అది పోతే సాధన పేరుతో వారానికోసారి కలిసి నవ్వుకునే రెండు గంటలూ పోతాయి.

నేల పెట్టెతో మొదలుపెట్టాడు. ఎక్కడ పెట్టాలో ఆలోచించే పని లేకుండా కాలే చోటు చూపించింది. పేషెంటు కుర్చీ పక్కన గుండ్రటి స్టూలు, ఆ స్టూలు ముందు డ్రిల్లు తిప్పే తొక్కుడు మీట. పంతొమ్మిదేళ్ళుగా ఆయన కుడికాలు నివసిస్తున్నది అక్కడే. దాని పక్కనే పెట్టెను పరిచాడు. స్పీకరు కావాలి కదా. బయట హాల్లో పేషెంట్ల కోసం మెల్లగా వేణువు వినిపించే స్పీకరు ఒకటి గోడకి ఉంది, దాని తీగ ఈ గదిలోకే వస్తుంది. ఆ తీగ పీకి పెట్టెకి తగిలించాడు. తలుపు తెరిచి పెట్టి నాలుగు స్వరాలు వాయించాడు. హాలంతా నిండిపోయింది. ప్రాణం లేచొచ్చింది.

అప్పుడే నర్సమ్మ తుడుపు కర్రతో లోపలికి వచ్చింది. ఆవిడ ఆ క్లినిక్కులో గోడలకన్నా పాతది.

"ఏంటండీ డాక్టరుగారూ ఇది, నేల మీద?"

"కొందామని. ఇది నేల మీద ఉండాలా, దాని అన్న ఆ అరలో ఉండాలా అని చూస్తున్నా."

"నేల మీదున్నది ఏదైనా నేను తడిపేస్తానండీ. అరలోది తీసుకోండి" అని తేల్చేసి, లాబు నుంచి పింగాణీ పన్ను తీసుకురావడానికి బజారుకి వెళ్ళింది. నెల రోజుల సమస్యను ఒక మనిషి అంత తేలిగ్గా తేల్చేస్తే ఎవరికైనా కాస్త చిన్నతనంగానే ఉంటుంది.

ఆవిడ అలా వెళ్ళిందో లేదో, బుగ్గ పట్టుకుని ఫిజిక్సు మాస్టారు వచ్చాడు. రిటైరై ఆరేళ్ళయింది. రాత్రి నుంచి పన్ను సలిపేస్తోందట. చూస్తూ చూస్తూ డాక్టరు ఆయన్ని తొమ్మిదిన్నర దాకా కూర్చోబెట్టలేకపోయాడు. నేల పెట్టెకి తగిలించి ఉన్న గిటారును అలాగే చటుక్కున పనిముట్ల బల్లకి ఆనించి, పెట్టె ఆపుదామని కాలి బొటనవేలితో దాని చివరి మీట నొక్కాడు. ఎర్ర దీపం వెలిగింది. ఆయన క్లినిక్కులో ఏ మిషనుకైనా ఎర్ర దీపమంటే ఆగిపోయిందని అర్థం. ఆ పెట్టెలో మాత్రం ఎర్ర దీపమంటే అన్నింటికన్నా పెద్ద గొంతు. కొనాలో వద్దో తేలని వస్తువుకి దానితో వచ్చిన పుస్తకం చదవడమెందుకని ఆయన ఊరుకున్నాడు.

తలుపు వేశాడు. ఆ తలుపు గురించి చెప్పాలి. డ్రిల్లు చప్పుడుకి హాల్లో కూర్చున్నవాళ్ళు బెదిరిపోతున్నారని జాలిపడి, లోపల రబ్బరు కూరిన బెత్తెడు మందం తలుపు చేయించాడు. లోపలి చప్పుడు బయటికి పోదు, బయటిది లోపలికి రాదు.

మాస్టారికి మత్తు సూది ఇచ్చి, దవడ మొద్దుబారాక డ్రిల్లు అందుకున్నాడు. కాలు నొక్కాడు. "జుయ్" మంది, ఎప్పటిలాగే, తుమ్మెద ఒకటి దారి తప్పినట్టు. మాస్టారు కాళ్ళు చాపుకుని హాయిగా పైకప్పు చూస్తున్నాడు. పని చక్కగా సాగింది. నలభై నిమిషాల్లో పన్ను శుభ్రమైంది. టైము పది కావస్తోంది. దూది కుక్కి, "ఐదు నిమిషాలు ఇలాగే ఉండండి మాస్టారూ" అని చెప్పి, తరవాతి పేషెంటును పిలవడానికి తలుపు తీశాడు.

హాల్లో ఎవరూ లేరు.

ఆరు కుర్చీలు. ఫ్యాను తిరుగుతోంది. ఒక కుర్చీలో సగం మడిచిన పేపరు, గుమ్మం దగ్గర కుడికాలి చెప్పు ఒకటి. పేషెంట్ల పేర్ల పుస్తకంలో చూస్తే నాలుగు పేర్లున్నాయి, నలుగురూ వచ్చినట్టు టిక్కులు కూడా పెట్టుకున్నారు. డాక్టరుకి భయం కన్నా ముందు ఆశ్చర్యం వేసింది. చెప్పు వదిలేసి వెళ్ళేంత పని ఏమై ఉంటుంది? దాన్ని తిప్పి చూశాడు. కొత్తదే. ఇంకో పేషెంటు కట్టుడు పళ్ళు డబ్బాతో సహా కిటికీలో ఉన్నాయి. పళ్ళు కూడా వదిలేసి ఎవరైనా పోతారా?

ఇంతలో నర్సమ్మ రొప్పుకుంటూ వచ్చింది.

"డాక్టరుగారూ, ఏం చేశారండీ? ఇస్త్రీ షాపు దగ్గర ఒకాయన ఆపి, 'లోపల కాంక్రీటు పగలగొడుతున్నారా అమ్మా' అన్నాడు. మలుపులో ఒకావిడ, 'లోపలున్నాయనకి పెళ్ళాం పిల్లలున్నారా' అంది. బస్టాపు దగ్గరికొచ్చేసరికి, 'పోయినాయన వయసెంత' అని అడుగుతున్నారండీ!"

పోయినాయన కుర్చీలోంచి లేచి, నోట్లో దూదితో ఆసక్తిగా గుమ్మం దాకా వచ్చాడు. నర్సమ్మ ఆయన్ని చూసి గుండె మీద చెయ్యేసుకుంది.

"ఏం చప్పుడు విన్నారట?" అన్నాడు డాక్టరు.

"డ్రిల్లేనంట. ఏనుగు నోట్లో పెట్టినట్టు ఉందంట."

డాక్టరు తెల్లబోయాడు. డ్రిల్లు లోపల, తలుపు బెత్తెడు మందం. అయినా చూద్దామని తలుపు తెరిచే ఉంచి, స్టూలు మీద కూర్చుని కాలు నొక్కాడు. చేతిలో డ్రిల్లు జుయ్ మంది. హాల్లో గోడ మీంచి ఒక గర్జన లేచింది. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. కట్టుడు పళ్ళ డబ్బా కిటికీ అంచు దాకా నడిచింది. కాలు తీశాడు. ఆగింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ గర్జించింది. నర్సమ్మ తుడుపు కర్ర అందుకుని రెండు చేతులతో ఆయుధంలా పట్టుకుంది.

"ఎర్ర దీపం ఉంది కదా, ఆగిపోయుండాలే! అయినా గిటారును ఎవరూ ముట్టుకోవట్లేదు, దాంట్లోకి డ్రిల్లెలా పోయింది?" అన్నాడు డాక్టరు.

మాస్టారి కళ్ళు మెరిశాయి. మాట్లాడబోతే సగం నోరు కదల్లేదు. సైగ చేసి కాగితం అడిగి, మందుల చీటీ వెనకాల బొమ్మ గీశాడు. గిటారు తీగల కింద అయస్కాంతం, దాని చుట్టూ సన్నటి రాగి తీగ. పక్కనే గిర్రున తిరిగే డ్రిల్లు మోటారు. మోటారు నుంచి రాగి చుట్టకి ఒక బాణం గీత. కింద రాశాడు: 'తాకక్కర్లేదు. దగ్గరుంటే చాలు. తొమ్మిదో పాఠం.' ముప్ఫై నాలుగేళ్ళు ఆ పాఠం చెప్పినా, ఇంత శ్రద్ధగా విన్నవాళ్ళని ఆయన ఆ రోజే చూశాడు.

డాక్టరుకి కొంప మునిగిన సంగతి పూర్తిగా అర్థమైంది. చప్పుడు దాచడానికి తలుపు చేయించాడు, దాచిన చప్పుడును వెయ్యి రెట్లు చేసి తలుపు అవతల వినిపించాడు. నర్సమ్మ పేషెంట్లకి ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. ముగ్గురు తీయలేదు. నాలుగో ఆయన తన పన్ను నొప్పి దానంతటదే తగ్గిపోయిందని మర్యాదగా చెప్పి పెట్టేశాడు.

సరిగ్గా అప్పుడు వీధి దాటుకుని, ఒక చేత్తో మందుల పెట్టె, ఇంకో చేత్తో ఆక్సిజన్ మాస్కు పట్టుకుని మత్తు డాక్టరు ఊడిపడ్డాడు.

"ఒరేయ్, ఆపరా! మత్తు పని చెయ్యకపోతే నన్ను పిలవాలని తెలీదా? ఆసుపత్రి అంతా నీ గురించే చెప్పుకుంటున్నారు. పేషెంటు ఎక్కడ?"

మాస్టారు చెయ్యి ఎత్తి, పని చేస్తున్న సగం నోటితో నవ్వాడు.

 శనివారం సంగతి ఇక్కడితో తేలిపోయిందనుకున్నాడు పంటి డాక్టరు. స్పీకరు పొగ ఒక ఏడాది, ఊరంతా పరార్ ఇంకో ఏడాది. బొమ్మ గీసిన చీటీ చేతికిచ్చి, జరిగింది జరిగినట్టు చెప్పేశాడు. మత్తు డాక్టరు అంతా విని, మాస్కు బల్ల మీద పెట్టి, "ఏదీ, నొక్కు" అన్నాడు.

నొక్కాడు. గోడ గర్జించింది.

"మళ్ళీ నొక్కు."

"పోలీసులొస్తార్రా."

"నొక్కమంటున్నానా? ఈసారి మెల్లగా."

మెల్లగా నొక్కాడు. గర్జన కిందికి దిగి గురగురమంది. వెంట్రుకవాసి పెంచాడు, పైకి పాకింది. పంటి పైపొర ఎనామిల్ మీద ఎంత, చిగుళ్ళ దగ్గర ఎంత, నరం దగ్గర ఎంత అనేది ఆ కాలుకి పంతొమ్మిదేళ్ళుగా తెలుసు. గిటారు మీద వేళ్ళు ఎప్పుడూ ఒక అరక్షణం వెనకబడేవి, కాలు మాత్రం అనుకున్నచోట అనుకున్నంతే ఆగుతోంది. ఏదో ఒకటి వాయించాలి కదా అని, శనివారం వాయించాల్సిన మొదటి పాట ఎత్తుకున్నాడు. పల్లవి మొత్తం డ్రిల్లు మీద వచ్చింది. నర్సమ్మ తుడుపు కర్ర గోడకి ఆనించింది. మాస్టారు మొద్దుబారని వైపు బుగ్గ మీద వేళ్ళతో తాళం వేశాడు.

మత్తు డాక్టరు మందుల పెట్టె మూత బిగించాడు. 

"శనివారం నువ్వు ఇది వాయిస్తున్నావు."

"మరి గిటారు?"

"చర్మం డాక్టరు వాయిస్తాడు."

"నా గిటారు?"

"స్టాండు మీద ఉంటుంది. పక్కన ఉంటే చాలని మాస్టారు రాశారు కదా. నువ్వు మాత్రం ముట్టుకోకు."

పంటి డాక్టరుకి నిజంగా బాధేసింది. ఇరవై రెండేళ్ళు! వేళ్ళ కొసలు కాయలు కాశాయి. కానీ చెవులు ఆయనవే కదా, అబద్ధం చెప్పవు. ఆ పల్లవి అంత బాగా ఆయన ఏనాడూ వాయించలేదు. తన చోటు తనకి దక్కింది, తను అనుకున్న కుర్చీలో మాత్రం కాదు. రెండు నిమిషాలు బాధపడి, మూడో నిమిషంలో చరణం కూడా వస్తుందేమో చూద్దామని మళ్ళీ కాలు పెట్టాడు. వచ్చింది.

పన్నెండుకి పది నిమిషాలుందనగా నేల పెట్టెను అట్టపెట్టెలో సర్ది షాపుకి తీసుకెళ్ళాడు. షాపాయన ఆశ్చర్యపోయాడు.

"స్టేజీ మీద వాయించేవాళ్ళు అందరూ నేలదే పట్టుకుపోతారండీ. మీరు అరలోది ఉంచుకున్నారేంటి?"

"నేల మీద నా డ్రిల్లు మీట ఉంటుందండీ. శనివారం స్టేజీ మీద కాలు పొరపాటున అటూ ఇటూ పడితే పాట పాడైపోతుంది."

షాపాయన ఆ మాటకి అర్థం అడగలేదు గానీ, రసీదు రాస్తున్నంతసేపూ తన వెనక పన్నును నాలుకతో తడుముకుంటూనే ఉన్నాడు.